దొంగ కోసం కట్టిన టపాకాయ, పాలామెకు తగిలిన దెబ్బ: ఒక కేసు పూర్వాపరాలు

ఇది పాకాల, దామలచెరువు మధ్య ఒక పల్లెలో నడిచిన వ్యవహారం. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, సెక్షన్లు మాత్రం ఉన్నవున్నట్టే ఇస్తున్నాను. కేసు ముగిసింది, రెండు పక్షాలూ రాసుకోమన్నాయి. చిత్తూరు, తిరుపతి కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే లాయర్లకు నాటుబాంబు కేసులు కొత్త కాదు. ఇక్కడ మాత్రం ముద్దాయి నేరం చేసే రకం కాదు, వాడింది అంగట్లో కొన్న లక్ష్మీ బాంబు, ఉద్దేశం ఇల్లు కాపాడుకోవడం. అయినా ఎఫ్‌ఐఆర్‌లో యావజ్జీవం పడే సెక్షన్లు వచ్చాయి. ఎందుకొచ్చాయో, ఎలా దిగాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తోపు, తీగ, పాల దారి

నా క్లయింట్ రిటైరైన గవర్నమెంట్ టీచర్, డెబ్బై దాటిన మనిషి. ఊళ్ళో అందరికీ అయ్యోరు. మామిడి తోపు మధ్యలో ఇల్లు, ఇంట్లో ఆయనా భార్యా. ఒక్కడే కొడుకు, అమెరికాలో ఉంటాడు. తోపులో ఎక్కువ భాగం తోతాపురి. ధర పడిపోయిన ఏడాది తోతాపురి కాయ కోసం ఏ దొంగా రాడు, మోటారు కేబుల్లో ఉండే రాగి కోసం వస్తాడు. ఒకే సీజన్లో రెండుసార్లు కేబుల్ కోసుకుపోయారు. రెండోసారి ఇంటి వెనక గది తాళం కూడా కదిలించి చూశారు. అయ్యోరు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చారు, రసీదు తీసుకున్నారు. ఒక కానిస్టేబుల్ వచ్చి చూసి వెళ్ళాడు, అంతే. "కుక్క మొరిగితే లేస్తాడు, ఆకు రాలితే లేస్తాడు సారూ, రాత్రంతా టార్చి పట్టుకునే ఉంటాడు" అన్నారు ఆయన భార్య.

కొడుకు అక్కణ్ణుంచి ఒక యూట్యూబ్ వీడియో పంపాడు. అక్కడ అడవిలో టెంట్లు వేసుకునేవాళ్ళు, ఊరికి దూరంగా ఇళ్ళున్నవాళ్ళు చుట్టూ సన్న తీగ కట్టుకుంటారు. ఎవరైనా తగిలితే ఖాళీ తూటా పేలి చప్పుడవుతుంది. అలాంటి సామాను ఇక్కడ దొరకదు. కానీ మా వైపు తోపుల్లో టపాకాయలకు కొదవ లేదు. కౌండిన్య అడవి ఏనుగులు పలమనేరు, కుప్పం పొలాల మీద పడతాయని అందరికీ తెలుసు. పులిచెర్ల, చంద్రగిరి వైపు కూడా ఏనుగుల బెడద ఉంది. వాటిని తరమడానికి ఫారెస్టు వాళ్ళూ రైతులూ కాల్చేది టపాకాయలే. అయ్యోరి ఇంట్లోనూ ఒక రేకు పెట్టె నిండా ఉన్నాయి. తీగ తగిలితే పేలేలా వాటిని మూడుచోట్ల అమర్చారు. ఎలా అమర్చారో రాయను. కేసు అర్థం కావడానికి అది అవసరం లేదు, రాస్తే ఇంకో తోపులో ఇంకొకరు కట్టి చూస్తారు.

మూడింట్లో ఒకటి కంచె సందు దగ్గర పెట్టారు. గొడవంతా అక్కడే. తెల్లవారుజామున పాలకేంద్రానికి పాలు పోసేవాళ్ళు రోడ్డు చుట్టూ తిరగకుండా ఆ సందులోంచి తోపులోకి దిగి అడ్డంగా పోతారు. అయ్యోరి నాయన బతికున్న కాలం నుంచీ నడిచే దారి అది. తీగ కట్టిన రోజే పాలు పోసేవాళ్ళందరికీ చెప్పానని ఆయన అన్నారు, ఆ మాట నిజమే. పక్క వీధిలో ఒకామె మాత్రం అప్పుడు పుట్టింటికి పోయి ఉంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తిరిగొచ్చిన మర్నాడు, ఇంకా చీకటి విడవకముందే, ఆమె పాల క్యాను పట్టుకుని సందులోకి అడుగు పెట్టింది. మోకాలి ఎత్తులో పేలింది. పిక్క కాలింది. చప్పుడుకి బెదిరి వెనక్కి పడితే చెయ్యి రాతి మీద ఆని మణికట్టు విరిగింది. ఎడమ చెవిలో హోరు, కొంచెం రక్తం. ముందు పరుగెత్తుకొచ్చింది అయ్యోరే. ఆటో పిలిపించి ఆస్పత్రికి తీసుకుపోయిందీ, డబ్బు కట్టిందీ ఆయనే. మిగిలిన రెండూ ఎక్కడున్నాయో పోలీసులకు తానే చూపించారు. ఇలాంటి కేసుల్లో చాలామంది చేసే మొదటి పని తీగ పీకి పారేయడం. అలా చేసుంటే సాక్ష్యం మాయం చేశారన్న ఆరోపణ తోడయ్యేది, ఉద్దేశం చెడ్డదేమో అన్న అనుమానం ముదిరేది.

‘బాంబు’ అన్న ఒక్క మాట

ఆస్పత్రి నుంచి స్టేషన్‌కు వెళ్ళిన సమాచారంలో ‘బాంబు పేలి గాయాలు’ అని ఉంది. సీమలో ఆ మాటకున్న చరిత్ర నేను చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి బాంబ్ స్క్వాడ్, క్లూస్ టీం తోపులో దిగాయి. ఎఫ్‌ఐఆర్‌లో 1908 పేలుడు పదార్థాల చట్టం సెక్షన్లు 3, 5, 1884 ఎక్స్‌ప్లోజివ్స్ చట్టం సెక్షన్ 9బీ, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 118(2) (ప్రమాదకరమైన ఆయుధంతోనో పదార్థంతోనో కావాలని తీవ్ర గాయం చేయడం) రాశారు.

ఈ రెండు పాత చట్టాలను కొత్తగా ప్రాక్టీసుకొచ్చినవాళ్ళు కూడా కలిపేస్తుంటారు. 1884 చట్టం లైసెన్సుల చట్టం. తయారీ, నిల్వ, రవాణా, అమ్మకం, వాడకం నిబంధనల ప్రకారం జరుగుతున్నాయా లేదా అన్నదే దాని గొడవ. పేలుడు పదార్థం అన్న నిర్వచనంలో బాణసంచా కూడా ఉంది. శిక్షలు చిన్నవి. నిబంధనలకు విరుద్ధంగా ఉంచుకున్నా, వాడినా రెండేళ్ళ దాకా జైలు లేదా 3,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తయారు చేస్తే మూడేళ్ళు, 5,000 దాకా. 1908 చట్టం దారి వేరు, అది దురుద్దేశంతో చేసే పేలుళ్ళ కోసం పుట్టింది. ప్రాణానికి ప్రమాదం తెచ్చే పేలుడు జరిపితే సెక్షన్ 3 కింద యావజ్జీవం, లేదా పదేళ్ళకు తగ్గని కఠిన శిక్ష. సెక్షన్ 5 ఇంకా చిక్కుది. అనుమానాస్పద పరిస్థితుల్లో పేలుడు పదార్థం దగ్గరుంటే చాలు, అది న్యాయమైన పని కోసమేనని చూపించాల్సిన భారం మన మీద పడుతుంది.

పోలీసుల మొదటి అనుమానం అడవిపంది మీద. మేతలో నాటుబాంబు పెట్టడం, దాన్ని ఏ ఆవో కొరికి మూతి పగలడం మా జిల్లాల్లో పేపర్లో వచ్చే వార్తే. అదే అయ్యుంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా చేరేది. ఆ చట్టం లెక్కలో వేట అంటే చంపడమే కాదు, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం కూడా వేటే. ఎర ఏమీ లేకపోవడం, తీగ మనుషుల దారికి అడ్డంగా ఉండటం, కేబుల్ దొంగతనం ఫిర్యాదు రసీదు, ఇవి చూసి ఆ అనుమానం వదిలేశారు. పందికి పెట్టలేదని తేలడం మాకు మంచిదే. కానీ మనిషికి పెట్టారని కూడా దాంతోనే తేలిపోయింది.

ముందస్తు బెయిల్ సెషన్స్ కోర్టులో వచ్చింది. వయసు, పాత కేసులు లేకపోవడం, గాయపడినామెను తానే ఆస్పత్రిలో చేర్చడం, దర్యాప్తుకు సహకరించడం, ఇవే ఆధారాలు. అందులో విశేషం ఏమీ లేదు.

అయ్యోరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న జైలు గురించి కాదు. "పెన్షన్ ఆగిపోతుందా సారూ?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. 1980 రాష్ట్ర పెన్షన్ నియమాల్లో 8వ నియమం ప్రకారం రిటైరయ్యాక కూడా సత్ప్రవర్తన ఉండాలి. తీవ్రమైన నేరంలో శిక్ష పడితే పెన్షన్ ఆపే, తగ్గించే అధికారం ప్రభుత్వానికుంది. అందుకే ఈ కేసులో నేరం పేరు ఏమిటన్నది, శిక్ష ఎంతన్న దానికన్నా ముఖ్యమైపోయింది.

ఆత్మరక్షణ హక్కు ఇక్కడ ఎందుకు చెల్లలేదు

కొడుకు రోజూ వాట్సాప్‌లో సెక్షన్లు పంపేవాడు. అతను గట్టిగా పట్టుకున్నది న్యాయ సంహిత 41. పాత ఐపీసీలో ఇది 103. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఎవరైనా ఇంట్లోకి చొరబడితే, ఆస్తి రక్షణ హక్కు ప్రాణం తీయడం దాకా వెళ్ళొచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. "ప్రాణమే తీయొచ్చంటోంది చట్టం, మా నాన్న చప్పుడే కదా సార్ చేసింది?" అన్నది అతని వాదన. వినడానికి బాగుంది. టీ అంగడి దగ్గర ఎవరైనా ఒప్పుకుంటారు. కోర్టులో మాత్రం మూడుచోట్ల తెగిపోతుంది.

మొదటిది, అది ఇల్లు కాదు. తోపు కంచె సందు దాటడం గృహభేదనం (ఇల్లు ఛేదించి చొరబడటం) కిందికి రాదు. అసలు ఏ నేరం చేయాలన్న ఉద్దేశమూ లేకుండా పాల క్యానుతో నడిచిపోయే మనిషిది క్రిమినల్ ట్రెస్‌పాస్ కూడా కాదు. పైగా ఆ దారి మీద ఆమెకే హక్కుందేమో. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఒక దారిని ఇరవై ఏళ్ళు బహిరంగంగా, ఆటంకం లేకుండా, హక్కుగా వాడుకుంటే అది చట్టబద్ధమైన హక్కే అవుతుంది. మనది పాత మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా కాబట్టి ఆ చట్టం మొదట్నుంచీ ఇక్కడ అమల్లో ఉంది. అయ్యోరి నాయన కాలం నుంచీ నడుస్తున్న దారి అని మన సాక్షులే చెబుతుంటే, ఆమెను చొరబడిన మనిషి అనడానికి నోరు రాదు.

రెండోది, సమయం. ఆస్తికి ప్రమాదం ఉందన్న సహేతుకమైన భయం మొదలైనప్పుడే రక్షణ హక్కు మొదలవుతుందని 43వ సెక్షన్ చెబుతుంది. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదని, అవసరానికి మించి హాని చేయకూడదని 37 చెబుతుంది. పగలంతా తీరిగ్గా కూర్చుని తీగ కట్టిన మనిషి, ఆ క్షణంలో వేరే దారి లేక చేశానని ఎలా అంటారు?

మూడోదే అసలుది. ఆత్మరక్షణ హక్కు అక్కడ నిలబడి చూస్తున్న మనిషిది. వచ్చింది ఎవరు, చేతిలో ఏముంది, పారిపోతున్నాడా మీదికొస్తున్నాడా, ఎంత మోతాదు సరిపోతుంది, ఇవన్నీ ఆ క్షణంలో బేరీజు వేసేది మనిషి. తీగ బేరీజు వేయదు. దొంగ కాలికీ పాలామె కాలికీ, ఏనుగు భయంతో పరుగెత్తే పిల్లవాడి కాలికీ అది ఒకేలా స్పందిస్తుంది. ఈ మాట నా సొంతం కాదు. 1963లో సుప్రీంకోర్టు బిహార్ నుంచి వచ్చిన చెరుబిన్ గ్రెగరీ కేసులో దాదాపు ఇదే తేల్చింది. అక్కడ పక్కింటివాళ్ళు తన మరుగుదొడ్డి వాడుకుంటున్నారని ఒకాయన దారికి అడ్డంగా కరెంటు తీగ కట్టాడు, హెచ్చరికేమీ పెట్టలేదు. పక్కింటామె తగిలి చనిపోయింది. అనుమతి లేకుండా వచ్చినంత మాత్రాన ఆ మనిషికి చట్టం రక్షణ లేకుండా పోదని, కనిపించకుండా ప్రమాదం పెట్టి దాన్ని ఆత్మరక్షణ అనడం కుదరదని కోర్టు చెప్పి, నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరాన్ని ఖాయం చేసింది.

కొడుకు అమెరికా ఉదాహరణలు తీశాడు కాబట్టి అక్కడి సంగతి కూడా అతనికి చెప్పాను. అయోవా రాష్ట్రంలో మనుషులుండని పాత ఫామ్ హౌస్‌లో, తలుపు తీస్తే పేలేలా తుపాకి కట్టారు. పాత సీసాల కోసం దొంగతనంగా వెళ్ళినవాడి కాలు దెబ్బతింది. 1971లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇంటివాళ్ళే అతనికి 30,000 డాలర్లు ఇవ్వాలన్న తీర్పును సమర్థించింది. అందులో పదివేలు శిక్షగా వేసినవి. వచ్చినవాడు నిజంగా దొంగే, అయినా అంతే. ఇంగ్లండ్‌లో అయితే ఇలాంటి తుపాకి ఉచ్చులను 1827లోనే చట్టం చేసి ఆపేశారు. వీడియోల్లో సామాను చూపిస్తారు, తీర్పులు చూపించరు.

ఇంకో సెక్షన్ కూడా అతను తెచ్చాడు, 44. ఆత్మరక్షణలో అమాయకులకు దెబ్బ తగిలే ప్రమాదం ఉన్నా తప్పు కాదని చెప్పే సెక్షన్. అది ప్రాణం పోయే దాడి జరుగుతున్నప్పుడు, వేరే మార్గం లేనప్పుడు మాత్రమే. చట్టంలోనే ఉదాహరణ ఉంది: గుంపు చంపడానికి మీదపడుతుంటే, ఆ గుంపులో పిల్లలున్నా కాల్చక తప్పని మనిషి. నిద్రపోతున్న ఇంటికి అది వర్తించదు.

ఆత్మరక్షణ లాంటి మినహాయింపులను నిరూపించే భారం కొత్త సాక్ష్య చట్టం 108 ప్రకారం ముద్దాయి మీదే ఉంటుంది. రుజువు కాని వాదన పెట్టి, "అవును, దొంగకు దెబ్బ తగలాలనే కట్టాను" అన్న అర్థం మన నోటితో మనమే ఇవ్వడం ఎందుకు? అందుకే ఆ వాదన అసలు ఎత్తలేదు. కొడుక్కి ఇది నచ్చలేదు. కొన్నాళ్ళు ఫోన్ చేయడం మానేశాడు.

చప్పుడు లెక్క

"చప్పుడే కదా" అన్న మాటకు జవాబు చెవి డాక్టరు దగ్గర దొరికింది. మన దేశంలో టపాకాయ చప్పుడుకు పరిమితి ఉంది. పేలిన చోటి నుంచి నాలుగు మీటర్ల దూరంలో గరిష్ఠ స్థాయి 145 డెసిబెల్స్ దాటకూడదు. డబ్బా మీద దూరంగా నిలబడమని రాసేది ఊరికే కాదు, ఆ పరిమితి నిలబడిందే నాలుగు మీటర్ల మీద. దూరం సగమైతే చప్పుడు సుమారు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. అంటే పరిమితికి లోబడి తయారైన బాంబే మీటరు దూరంలో 157 దగ్గరికి పోవచ్చు. ఒక్క దెబ్బకే చెవికి నష్టం చేయగల స్థాయిగా ఫ్యాక్టరీ భద్రతా ప్రమాణాల్లో చెప్పేది 140. మోకాలి ఎత్తులో పేలితే నిలబడిన మనిషి చెవి ఎంత దూరంలో ఉంటుందో మీరే కొలుచుకోండి.

ఈ లెక్క నా క్లయింటుకు వ్యతిరేకం, అయినా నేను దాచలేదు. కేసు పరంగా ప్రశ్న వేరు. ఒక చెవికైనా శాశ్వతంగా వినికిడి పోతే న్యాయ సంహిత 116 ప్రకారం అది తీవ్ర గాయం. ఆమెకు కర్ణభేరికి రంధ్రం పడింది. ఇలాంటివి చాలావరకు వాటంతటవే మానతాయి, చెవిలోకి నీళ్ళు పోకుండా చూసుకోవాలి. వారాల తర్వాత తీసిన ఆడియోగ్రామ్‌లో వినికిడి దాదాపు మామూలుకొచ్చింది. అయితే ఎముక విరగడం కూడా 116లో తీవ్ర గాయమే. కాబట్టి మణికట్టు ఒక్కటే సర్టిఫికెట్లో ‘తీవ్రం’ అని రాయించింది. గాయం బరువు మీద వాదించడానికి ఏమీ మిగల్లేదు. వాదన అంతా ఉద్దేశం మీదే నడవాలి.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా చప్పుడు చేసే టపాకాయలు కాల్చకూడదని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది, తర్వాత అది శబ్ద కాలుష్య నియమాల్లో కూడా చేరింది. రాత్రి దొంగ కోసం కట్టిన టపాకాయ పేలేదే ఆ గంటల్లో. 2018లో బేరియం లవణాలున్నవి, దండలుగా అల్లినవి వద్దని, గ్రీన్ క్రాకర్స్ మాత్రమే ఉండాలని, ఆన్‌లైన్లో అమ్మకూడదని అదే కోర్టు ఆదేశించింది. అయ్యోరి పెట్టెలో సరుకు ఏ ఏడాదిదో ఆయనకే తెలియదు. దీని మీద ఎవరూ పెద్దగా పట్టుబట్టలేదు. పట్టుబట్టే పరిస్థితి ఉందని మాత్రం తెలిసుండాలి.

సెక్షన్లు ఎలా దిగాయి

1908 చట్టం సెక్షన్ 3లో ఒక మాట ఉంది: చట్టవిరుద్ధంగా, *దురుద్దేశంతో* పేలుడు జరపడం. రెండూ ఉండాలి. దురుద్దేశం లేదని చూపించడానికి మా దగ్గర కాగితాలున్నాయి. కేబుల్ దొంగతనం ఫిర్యాదులు, పాలు పోసేవాళ్ళకు ముందే చెప్పారన్న సాక్ష్యం, గాయపడినామెతో పాత తగాదా ఏమీ లేదన్న ఆమె సొంత వాంగ్మూలం. "అయ్యోరి మీద నాకు కోపం లేదు సార్, మా పిల్లోళ్ళకి చదువు చెప్పినాయన. నా చెయ్యి బాగయితే చాలు" అని ఆమె మొదటి రోజే చెప్పింది. సెక్షన్ 5 కోసం, ఆ ప్రాంతంలో ఏనుగుల కోసం టపాకాయలు ఉంచుకోవడం మామూలేనని చూపించాం. ఇంకో అడ్డు కూడా ఉంది: ఈ చట్టం కింద విచారణ జరపాలంటే జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్ సమ్మతి కావాలి. ఈ వివరాలన్నీ దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చాం. ఫోరెన్సిక్ నివేదికలో సూరేకారం, గంధకం, అల్యూమినియం పొడి అని వచ్చింది, మామూలు టపాకాయ మందే. చార్జిషీటులో 1908 చట్టం రాలేదు. 118(2) కూడా పోయి, దాని చోట 125(బి), 288 వచ్చాయి.

ఈ మార్పు చిన్నది కాదు. 118(2)లో యావజ్జీవం ఉంది. జైలుకు పంపకుండా సత్ప్రవర్తన బాండు మీద వదిలే 1958 ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్, యావజ్జీవం పడే నేరానికి వర్తించదు. 125(బి), అంటే ఇతరుల ప్రాణాన్ని పట్టించుకోని దుడుకు పనితో తీవ్ర గాయం చేయడం, మూడేళ్ళ దాకా జైలు లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. 288 పేలుడు పదార్థాల విషయంలో నిర్లక్ష్యం, ఆరు నెలలు లేదా 5,000, లేదా రెండూ. ఇక్కడికి దిగితేనే ప్రొబేషన్ తలుపు తెరుచుకుంటుంది.

అసలు టెన్షన్ 9బీ మీద వచ్చింది. చార్జిషీటులో ‘తయారీ’ అని రాశారు. 1884 చట్టంలో తయారీకి ఇచ్చిన నిర్వచనం చాలా విశాలం. ఉన్నదాన్ని విప్పడం, మార్చడం, మళ్ళీ కట్టడం కూడా తయారీయే. రెండు బాంబులను విప్పి మందు ఒకే గొట్టంలో కూరినా లైసెన్సు లేని తయారీదారు అయిపోతారు. ఇంటి దగ్గర ప్రయోగాలు చేసేవాళ్ళకు ఇది తెలియదు. అయ్యోరు ఆ పని చేయలేదు. పట్టుకున్న రెండింటిలోనూ ఫ్యాక్టరీ చుట్టు చెక్కుచెదరలేదని నివేదికలోనే ఉంది. విచారణ మొదలవకముందే ఆ ఆరోపణ తీసేయమని డిశ్చార్జి పిటిషన్ వేశాం. కొత్త ప్రక్రియా చట్టంలో పత్రాలు అందిన అరవై రోజుల్లోపు వేయాలి, ఆ గడువు చాలామంది మరిచిపోతున్నారు. మేజిస్ట్రేట్ పూర్తిగా తీసేయలేదు, తయారీని వాడకంగా మార్చారు. అది సరైన ఆర్డరే అని నా అభిప్రాయం.

తర్వాత దారి? ప్లీ బార్గెయినింగ్ (నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు రాజీ కుదుర్చుకోవడం) గురించి అయ్యోరి బంధువు ఒకాయన ఎక్కడో చదివి అడిగారు. ఏడేళ్ళ లోపు శిక్షలకు అది ఉంది, మన కోర్టుల్లో వాడేవాళ్ళే తక్కువ. కానీ నేరం స్త్రీ మీద గానీ పిల్లల మీద గానీ జరిగితే ఆ దారి మూసేశారు. ఇక్కడ గాయపడింది స్త్రీ. అందుకే మామూలుగానే నేరం ఒప్పుకుని, ప్రొబేషన్ చట్టం కింద విడుదల కోరాం. ఒప్పుకునే ముందే ఆస్పత్రి ఖర్చులు, చెయ్యి కట్టులో ఉన్నన్నాళ్ళ పాల ఆదాయం ఆమెకు అందాయి. ప్రొబేషన్ అధికారి ఊరికొచ్చి విచారించి నివేదిక ఇచ్చారు. కోర్టు సత్ప్రవర్తన బాండు మీద వదిలి, 5వ సెక్షన్ కింద అదనంగా పరిహారం కట్టమంది. ప్రొబేషన్ మీద విడుదలైన మనిషికి, ఆ నేరం రుజువైనందువల్ల వచ్చే అనర్హతలు అంటవని 12వ సెక్షన్ చెబుతుంది. పెన్షన్ ఆగలేదు.

చేత్తో వేస్తే?

ఈ కేసు సంగతి తెలిసి నన్ను అడిగినవాళ్ళలో ఎక్కువమంది అడిగింది ఇదే. దొంగ వచ్చాడని తెలిసి, మనమే లేచి, మన వాకిట్లో ఒక బాంబు కాలిస్తే? వచ్చినవాణ్ణి చూసి, లేదా చప్పుడు విని, ఎవరికీ తగలని చోట చప్పుడు చేసి తరమడం ఆత్మరక్షణ పరిధిలోనే ఉంటుంది. రాత్రి గంటల నిషేధం కాగితం మీద వర్తించినా, తలుపు విరగ్గొడుతున్నవాడి కోసం వెలిగించిన బాంబుకు ఎవరైనా కేసు రాస్తారని నేననుకోను. అదే బాంబును మనిషి మీదికి విసిరితే మళ్ళీ 118 దగ్గరికొస్తాం. అప్పుడు కూడా ఆత్మరక్షణ వాదన బతికే ఉంటుంది, కానీ ప్రతి అడుగూ లెక్క చెప్పాలి. పారిపోతున్నవాడి వీపు మీదికి విసిరితే ఆ లెక్క చెప్పడం కష్టం.

హెచ్చరిక బోర్డు పెడితే? కొంత మేలు. బోర్డు ఉంటే నిర్లక్ష్యం తీవ్రత తగ్గుతుంది, ఉద్దేశం తరమడమేనని చెప్పుకోవచ్చు. కానీ చీకట్లో వచ్చేవాళ్ళకు, చదువు రాని వాళ్ళకు, మేక వెనక పరుగెత్తే పిల్లలకు బోర్డు ఏం చెబుతుంది? బోర్డు పెట్టి కరెంటు తీగ కట్టిన కేసుల్లో కూడా జనం చనిపోయారు, కట్టినవాళ్ళు ముద్దాయిలయ్యారు.

కార్బైడ్ గన్నులు ఇంకో తలనొప్పి. చప్పుడుతో కోతులను తరమడానికి పీవీసీ పైపుతో చేసినవి మా తోపుల్లోనూ కనిపిస్తున్నాయి. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఇవి పేలి ఎంతోమంది పిల్లల కళ్ళు దెబ్బతిన్నాయి, ఆ ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఇంట్లో తయారు చేసిన వస్తువు కాబట్టి ‘తయారీ’ ప్రశ్న మొదటి రోజే వస్తుంది.

ఇప్పుడు తోపులో ఏముంది

కేబుల్ కోస్తే ఫోన్‌కు మెసేజ్ వచ్చే స్టార్టర్ పెట్టించారు. ఇంటి నాలుగు మూలలా మనిషి కదిలితే వెలిగే సోలార్ లైట్లు, వెనక గదికి హూటర్. ఊరెళ్ళేటప్పుడు, తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా పెట్టే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో చెప్పి వెళ్తారు, వాళ్ళు వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు. కంచె సందు చోట గేటు వచ్చింది. దానికి తాళం వేయకూడదని, పాల వేళల్లో దారి తెరిచి ఉండాలని పెద్దమనుషుల ముందు కాగితం రాసుకున్నారు. ఈజ్‌మెంట్ దావా వేస్తే ఆమె గెలిచేదని నాకనిపిస్తుంది. వేయలేదు.

కేబుల్ దొంగలు దొరకలేదు.

కొడుకు మొన్న ఫోన్ చేసి, వచ్చేటప్పుడు ఆ ఖాళీ తూటాల అలారం లగేజీలో పెట్టుకు రావచ్చా అని అడిగాడు. తూటా ఖాళీదైనా ఎయిర్‌పోర్టులో దిగగానే ఆపుతారని, అది ఆయుధాల చట్టం వ్యవహారమని చెప్పాను. "మరి హూటర్ తేవచ్చా సార్?" అన్నాడు. తిరుపతిలోనే దొరుకుతుంది, అక్కణ్ణుంచి మోయక్కర్లేదన్నాను.